లింగమ్మవ్వ ఎవరి మీద ఆధారపడ్డది?

ఇయ్యాల మా మోతె ఊర్ల అరవై దాటినోళ్ళకు హెల్త్ క్యాంపు పెట్టిన్రు. ఆశా వర్కర్‌ని కదా, ఫారాలు నింపే పని నాదే. బీపీ చూపిచ్చుకుందామని లింగమ్మవ్వ వచ్చి నా ముంగట కూసున్నది. డెబ్బై ఏండ్లు దాటినయి. పేరు రాసిన, ఊరు రాసిన. పని ఏందో అడగకుండనే "ఏమీ లేదు" అని రాసేసి, తర్వాతి గడి సూసి, "ఎవరి మీద ఆధారపడ్డవ్ అవ్వా?" అన్న.

అవ్వ నన్ను కింది నుంచి మీది దాక సూసింది.

"నేనెవరి మీద పడ్డనే? నలభై గొర్లు, నడుం ఇరిగి మంచంల ఉన్న మా ముసలోడు, అందరు నా మీదనే ఆధారపడ్డరు. నా మీద ఆధారపడ్డోళ్ళ గడి ఏడున్నదో సూపియ్యి, రాపిస్త."

గా గడి మా ఫారంలనే లేదు. నాకు సిగ్గనిపిచ్చింది. "ఏమీ లేదు" కొట్టేసి "గొర్ల పెంపకం" అని రాసిన. ఆధారం గడి ఖాళీగ ఇడిసిన. సాయంత్రం సూపర్‌వైజర్ సార్ ఫారం వాపస్ ఇచ్చి, ఎవరిదో ఒకరి పేరు లేకుంటే నడవదన్నడు.

మీరైతే ఎవరి పేరు రాద్దురో చెప్పున్రి. నేనైతే "లింగమ్మ" అని రాసిచ్చిన. మార్చేది లేదు.