దొరకని కొలిమి

వంటింట్లో చింతపండుతో ఇత్తడి బిందె తోముతున్న వాసన వస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చిలుమెక్కిన రాగి తడిసినా అదే పుల్లటి వాసన. దాన్ని నా ముక్కుకు అలవాటు చేసింది సుభద్ర మేడం. మనుబోలుకు తూర్పున, సముద్రం వైపున్న ఒక పాటిదిబ్బ మీద, అంటే పాతకాలపు ఊరు పూడిపోయిన మట్టిదిబ్బ మీద, తవ్వకాలు ఆవిడ ఆధ్వర్యంలోనే జరిగేవి. నా మొదటి ఉద్యోగం అక్కడే.

చేరిన కొత్తల్లో పచ్చబారిన చిన్న చిన్న ముద్దలు పళ్లెంలో పెట్టుకొచ్చి, పాత గిన్నెల ముక్కలన్నాను. ఆవిడ ఒకటి తీసి నా అరచేతిలో పెట్టారు. "గిన్నెకైతే అంచుంటది, అడుగుంటది. దీనికేముంది? కరిగిన కంచు పోసేటప్పుడు చిందిన చుక్క ఇది. పనికొచ్చేదంతా ఏరుకోని మళ్లీ కరిగించుకున్నాడు ఆ పనోడు. మనకి మిగిలింది వాడి కంట పడనిదే." పనివాడు పారేసిన చెత్తను చూసి, వాడు దాచుకున్నదాన్ని ఊహించడం అలా నేర్చుకున్నాను.

ఇంతలో ఆ దిబ్బ మట్టి కొత్త రోడ్డుకు కావాలన్నారు. కంచు పోతపోసిన చోటు అదేనని తేలితేనే దిబ్బ మిగులుతుంది. తేల్చడానికి ఒక పెద్ద అధికారి వచ్చాడు. కారు ఇంజను కూడా ఆపించలేదు.

"కొలిమి దొరికిందా?"

"ఇంకా లేదు సార్. ఇది ఊడ్చి పారబోసిన చెత్త. కంచు పనోళ్లు కొలిమి కాడ రవ్వంత కూడా వదలరు, నేలంతా ఊడ్చుకుంటారు. చెత్త ఇక్కడుందంటే కొలిమి పక్కనే ఉండాల. ఇంకో ఎండాకాలం తవ్వనీండి."

"అంటే దొరకలేదు."

ఉందనేయండి మేడం అని నేను వెనక నుంచి గొణిగాను.

"దొరకలేదు," అన్నారావిడ.

ప్రొక్లెయిన్ దిగింది. దక్షిణపు అంచు తెగేసరికి లోపల గుండ్రటి గుంట, చుట్టూ ఇటుకలా కాలిన గోడ, అడుగున బొగ్గు కనిపించాయి. మేము అరిచేలోపే అదంతా లారీలో పడింది. ఆవిడ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని లారీ ఎక్కి, రెండు చేతులా మట్టి దేవుతుంటే డ్రైవరు విసుక్కున్నాడు. "మట్టే గదమ్మా, దిగు. నాకు ట్రిప్పు లేటయిపోతా ఉంది."

ఆ సాయంత్రం నేను ఊరుకోలేకపోయాను. "ఉందని ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది మేడం?"

"ఏం పోయేది కాదు. దిబ్బ మిగిలుండేది." గోళ్లలో ఇరుక్కున్న మట్టి తీసుకుంటూ, "కానీ ఆ పొద్దు నాకు తెలీదు గదా అబ్బాయ్," అని కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

నాకు ఆ అధికారి మీదకన్నా ఆవిడ మీదే ఎక్కువ మంట పుట్టింది. ఆ తర్వాత ఆవిడకు మళ్లీ తవ్వకం పని ఇవ్వలేదు. ఏదీ తేల్చలేని మనిషన్న పేరుతోనే రిటైరయ్యారు, పోయారు.

ఈమధ్య ఇంకో దిబ్బ మీద, ఇంకో అధికారి నన్ను అదే ప్రశ్న అడిగాడు. ఉంది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకా దొరకలేదనే అన్నాను. ఆ దిబ్బ కూడా లారీలెక్కింది. ఆవిడ మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఒక్క అబద్ధం ఆడటం కూడా నాకు చేతకాకుండా చేసి పోయింది, మహాతల్లి.