మాసిపోని గుడ్డలు ఉతికిన ఏళ్లు

పోయిన వారం ప్రొద్దుటూరులో మా చెల్లెలి మనవరాలిని లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. నెలసరి సరిగ్గా వస్తుందా అని డాక్టరమ్మ అడిగితే, పిల్లకంటే ముందు నా నోరు తెరుచుకుని, నెలనెలా చక్కగా వస్తుందమ్మా అనేసింది. పిల్ల నన్నొకసారి చూసి, తేదీలు రాసుకున్న తన ఫోను తీసి డాక్టరు ముందు పెట్టింది. నాలుగు నెలలుగా లేదు.

"నీకెట్ల తెలుసవ్వా, నా తేదీలు నువ్వు రాసుకుంటాండావా ఏంది?" అని నవ్వింది.

ఆ అబద్ధం నా నోటికి నలభై ఏళ్ల కిందటి అలవాటు. పులివెందుల నుంచి ప్రొద్దుటూరు బట్టల అంగడి వాళ్లింటికి కోడలిగా వచ్చేనాటికే నాకు నెలసరి మూడు నెలలకో అయిదు నెలలకో ఒకసారి దయతలిచేది. దానికి బదులు గడ్డం కింద నాలుగు వెంట్రుకలు మాత్రం క్రమం తప్పకుండా వచ్చేవి. నెల తప్పడమంటే లోకానికి శుభవార్త, నాకు పాత వార్త. మా అత్తగారింట్లో ఆ మూడు రోజులూ వెనుక వసారాలో దూరంగా కూర్చోవాలి, కూర్చోకపోతే ఇల్లంతటికీ తెలిసిపోతుంది. మొదట్లో రెండు నెలలు నేను కూర్చోకపోయేసరికి మా అత్త మురిసిపోయి పాలకోవా తెప్పించి ఇరుగుపొరుగుకు పంచింది. మూడో నెలలో నేను చాప తీసుకుని వసారాలోకి పోయినప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను.

ఆ తర్వాత నుంచి వచ్చినా రాకపోయినా నెలకోసారి వెళ్లి కూర్చునేదాన్ని. శుభ్రంగా ఉన్న పాతగుడ్డలనే తడిపి, ఉతికి, తువ్వాలు చాటున ఆరేసేదాన్ని. అంత నిష్ఠగా నేను ఏ వ్రతమూ చెయ్యలేదు. వంటింటి చాకిరీ తప్పి మూడు రోజులు నడుము వాల్చడం నాకు సుఖంగానే ఉండేదని కూడా ఒప్పుకోవాలి.

ఏళ్లు గడిచినా పిల్లలు కలగకపోతే, అత్త నన్ను బస్సెక్కించి జమ్మలమడుగులోని పాత మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ ఇదే ప్రశ్న నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్త అందుకుంది.

"ప్రతి నెలా వస్తాదమ్మా, దానికి నేనే సాక్ష్యం."

నేను తల వంచుకున్నాను. రక్తం పట్టడానికి మాత్రలు రాసి, ఇంకొన్నాళ్లు చూడమన్నారు. నిజం చెప్పి ఉంటే ఆ రోజుల్లో ఎంతవరకు వైద్యం దొరికేదో నాకు తెలియదు, కానీ వెతకవలసిన చోటును నేనే మూసిపెట్టాను. నాకు పిల్లలు పుట్టలేదు. తర్వాత చక్కెర జబ్బు మాత్రం ఎవరినీ అడగకుండా వచ్చి చేరింది.

అత్త మంచాన పడ్డాక ఒకరోజు ఆమె బట్టలు ఉతికి తెస్తుంటే, గోడవైపు తిరిగి పడుకునే అంది.

"మ్మే, మాసిపోని గుడ్డలు ఉతుకుతాంటివి గదా, నాకు తెల్దనుకుంటివా? బయటపడితే నా కొడుక్కు ఇంకో పెండ్లి చేయమంటారని నేనూ గమ్మునుంటిని."

ఒకే అబద్ధాన్ని ఇద్దరం, ఒకరికి తెలియకుండా ఒకరం, అన్నేళ్లు మోశామన్నమాట. కోపం రాలేదు. ఉతికిన బట్టలు చేతిలో ఉండగానే ఆమె మంచం పక్కన కూలబడ్డాను, అంతే.

పోయిన వారం ఈ డాక్టరమ్మ పిల్లకు ఓపికగా చెప్పింది. దీన్ని పీసీఓఎస్ అంటారట, ఒక్క అండాశయాల గొడవ కాదట, ఒంట్లో హార్మోన్ల లెక్క తప్పడమట. పూర్తిగా పోకపోయినా అదుపులో ఉంచుకోవచ్చు, రోజూ నడవాలి, అన్నం తగ్గించాలి, వేళకు నిద్రపోవాలి, నెలలు గడిచినా రాకపోతే ఊరుకోకుండా మాత్రలు వాడాలి, చక్కెర పరీక్ష చేయించుకుంటూ ఉండాలి, కావాలనుకున్నప్పుడు పిల్లలకూ దారులున్నాయి అంది. పక్క కుర్చీలో నేను, నాకే చెబుతున్నట్టు తల ఊపుతూ కూర్చున్నాను.

ఆ వెనుక వసారాను పడగొట్టి ఇప్పుడక్కడ స్కూటర్లు పెట్టుకుంటున్నారు. పోతే పోయింది, మంచిదే. నా వీపుకు మాత్రం ఆ గోడ చల్లదనం ఇంకా తగులుతూనే ఉంటుంది.

తిరిగొచ్చేటప్పుడు షేర్ ఆటోలో, నలుగురి మధ్య, పిల్ల వాళ్ల నాన్నకు ఫోను చేసింది.

"నాయనా, నాలుగు నెల్లనుంచి రాలేదని చెప్పినా, మాత్రలు రాసిచ్చినారు. సాయంత్రం నుంచి నడవాలంట, నువ్వూ రావాల."

ఆటోలో ఎవరూ తిరిగి చూడలేదు. మెల్లగా మాట్లాడవే అనబోయి, ఈసారి నోరు మూసుకున్నాను.