కామేశ్వరి గురి

మిస్సోరీలో ఓ చిన్న ఊరికి పిల్లల డాక్టరు కామేశ్వరి. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బూట్లు తొడుక్కుని, ఒక్క దెబ్బకి బోలెడు చిన్నచిన్న గుళ్ళు చిమ్మే షాట్‌గన్‌ని చంటిపిల్లంత పదిలంగా పట్టుకుంటుంది. 1984 వసంతంలో, టర్కీ కోళ్ళ వేట సోమవారం మొదలవుతుందనగా శనివారంనాడు, గురి సరిచూసుకోవడానికి పక్క పొలం కంచెకి కోడితల గీసిన కాగితం తగిలించింది. తలకి తగిలితేనే వేటకు తీసుకెళ్తానన్నాడు పొలం యజమాని ఎర్ల్. మొదటి రెండుసార్లూ గుళ్ళు గడ్డిలోకి పోయాయి.

"ట్రిగ్గర్ నొక్కేముందు కళ్ళు మూసేస్తున్నావోయ్!" అన్నాడు చెవుల్లో దూది కుక్కుకున్న భర్త హరనాథ్.

"మీరు మాట్లాడకండి, నవ్వొచ్చేస్తోంది!"

మూడోసారి కళ్ళు విప్పార్చి పేల్చింది. తుపాకీ తన్నిన తన్నుకి వెనక్కి తూలి గడ్డిలో కూలబడింది. ఎర్ల్ పరుగున కాగితం తెచ్చి చూపించాడు. తలంతా తూట్లే. లేవకుండానే పకపకా నవ్వుతూ, "ఏమండీ, సోమవారం నా క్లినిక్ కాన్సిల్ చేసేయండి!" అంది.