సబ్బు కాగితం మీద బొట్టు

నిన్న సూర్యాపేట హైవే మీద టీ తాగడానికి ఆగాను. హోటల్ గోడ నిండా పాత సబ్బు కాగితం మీది అమ్మాయి ముఖం, అదే ముఖం నాలుగు రంగుల్లో. "పాప్ ఆర్ట్ సార్, హైదరాబాద్ నుంచి తెప్పించినం" అన్నాడు యజమాని.

మన వయసు వాళ్లకు ఆ ముఖం గుర్తుండాలి. మిర్యాలగూడలో మా అమ్మ బట్టల సందూకు మూత లోపల సబ్బు కాగితాలు అంటించేది. మూత తీస్తే ఆ వాసన, వరుసగా ఆ నవ్వు. ఒకరోజు కుంకుమ తెచ్చి అన్ని ముఖాలకూ బొట్టు పెట్టింది.

"ఆమె సబ్బులమ్మేటామె, లక్ష్మీదేవి కాదే" అని నాన్న నవ్వాడు.

"ఎవరైతేంది? మనింట్ల ఉంటున్నది. ఉత్త నొసలుతోని ఉంటదా?"

తడివేలితో అద్దిన ఆ కుంకుమ కాగితంలోకి ఇంకిపోయింది. సందూకు తుప్పు పట్టినా బొట్లు చెరగలేదు.

నా భార్య చనిపోయాక ఫోన్‌లో ఉన్న ఫోటో పెద్దది చేయించాను. "ముఖం మీద మచ్చలన్నీ తీసేసిన సార్" అన్నాడు స్టూడియో అతను. వాటితోపాటు ఆమె చిన్న నల్లబొట్టూ పోయింది. ఇంటికొచ్చి, ఆమె వాడగా మిగిలిన స్టిక్కర్లలో ఒకటి ఫ్రేము అద్దం మీద అంటించాను.

అద్దానికీ ఫోటోకీ మధ్య కాస్త సందుంది. నేను అన్నానికి కూర్చునే చోటు నుంచి చూస్తే బొట్టు పక్కకు, జుట్టులోకి జరిగిపోతుంది. ఆమె ఉత్త నొసలుతో నన్ను చూస్తూ ఉంటుంది.

కుర్చీ మార్చుకోమంటుంది మా అమ్మాయి. బొట్టు సరిగ్గా కనిపించే చోట ఉన్నది వాళ్లమ్మ కుర్చీ.