తాడు వదలని అప్ప

మంగళవారం పొద్దున్న శ్రీకాకుళం వృద్ధాశ్రమం నుంచి ఆయా ఫోన్ చేసింది. "అయ్యగారూ, అప్ప పోనాది. టీ తాగి గ్లాసు కింద ఎట్టినాది, అంతే." ఎన్నో చావుల దగ్గర నిలబడి గొంతెత్తి వాక్యం చెప్పిన పాస్టర్ని నేను. దుఃఖం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. ఎందుకో చెబుతాను.

అప్ప అంటే మా వైపు అక్క. ఆశ్రమంలో అందరికీ ఆవిడ అప్పే. భావనపాడులో పుట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మి బతికిన మనిషి. గంగమ్మకు మొక్కేది, నా వాక్యానికి కాదు. ఆశ్రమంలో రోజూ కసరత్తు చేయించేది ఆవిడే. ఎదురెదురుగా రెండు వరసల కుర్చీలు వేయించి, పొడుగాటి నైలాన్ తాడు అందరి చేతుల్లో పెట్టేది. ఒడ్డున నిలబడి వల లాగినట్టే, ఒక వరస లాగాలి, రెండో వరస సాగనివ్వాలి. ఎవరి పట్టు సడలినా తాడే ఆవిడకు చెప్పేసేది. "ఏటే వదినా, సేపలే వొచ్చి నీ ఒళ్ళో పడతాయనుకున్నావా?"

శుక్రవారాలు వాక్యం చెప్పడానికి వెళ్ళే నాకు ఆ లాగుడు చూస్తే ఒళ్ళు మండేది. ఒకసారి నిప్పులు కురిపించాను. దేహం మట్టి, మట్టికి మెరుగులు దిద్దకండి, పోయే ఘడియను తలుచుకోండి అన్నాను. మర్నాటి నుంచి రాజాం ధాన్యం వర్తకుడొకాయన తాడు ముట్టలేదు. భక్తిగా మంచమెక్కి ఆ ఘడియ కోసం కళ్ళు మూసుకున్నాడు. ఘడియ రాలేదు. కొన్ని నెలలకు కాళ్ళు మాత్రం పడిపోయాయి.

అప్ప నన్ను ఆ మంచం దగ్గరికి తీసుకెళ్ళి దుప్పటి తొలగించింది. "సూడు తమ్ముడా. నీ మాట ఇని ఈ మావ ఇలాగైపోనాడు. ఇప్పుడు నువ్వే లేపు."

ఎండిన సరుగుడు కర్రల్లా ఉన్నాయి ఆ కాళ్ళు. గ్రంథం నా చంకలోనే ఉంది. అందులో దేహం మట్టి అని ఉంది, దేహం ఆలయం అనీ ఉంది. నేను మొదటిదే వినిపించాను. నరకం చెప్పి జనాన్ని వణికించినవాణ్ణి, నా మాటకు నేనే వణికింది ఆ రోజు.

"భయంగా ఉందప్పా" అన్నాను.

"ఉండనీ. నాకు నేదనుకున్నావేటి? మా ఇంటాయన సంద్రంలోకి ఏటకెల్లిన ప్రతిసారీ ఉండీది. వల ఒడ్డుకొచ్చీదాకా తాడు వొదలకూడదు, అంతే. కూకో."

వర్తకుడి మంచం ఒక వరస చివరికి చేరింది. వెనక నేను వీపుకు భుజం ఆన్చి కూర్చునేవాణ్ణి, ఎదురుగా అప్ప. ముందు వేళ్ళు కదిలాయి. మొన్నటికి కాళ్ళు కిందికి వేసి సొంతంగా కూర్చోగలిగాడు. నిలబడడం మిగిలింది. "దసరాకి నిలబెట్టీస్తాను" అనేది.

ఆయన్ని పడగొట్టింది నేను. లేపుతున్నది ఆవిడ. ఆవిడే పోయింది.

సాగనంపి ఆశ్రమానికి వెళ్ళేసరికి కుర్చీలు వేసే ఉన్నాయి. అప్ప కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. తాడు కొస దాని మీద పడి ఉంది. నేను గ్రంథం తెరవబోయాను.

"తరవాత సదువుదురు గానీ, ముందు కూకోండి" అన్నాడు వర్తకుడు మంచం అంచు నుంచి.

గ్రంథం కిటికీలో పెట్టి ఆ కుర్చీలో కూర్చున్నాను. ఆవిడ పట్టిన చోట తాడు నున్నబడి ఉంది. లాగమని అరవాల్సింది ఇప్పుడు నేనే. తాడు బిగించానే గానీ, లాగితే ఆయన బోర్లా పడతాడేమోనని చేతులు రాలేదు.

అప్పుడు అటు చివర, మంచం వైపు నుంచి, చాలా సన్నగా, ఒక లాగుడు నా వేళ్ళకు తగిలింది.