మా చిన్నాయన కొడుకు ఓపెనింగ్

మా నారాయణఖేడ్‌లో 'ఓపెనింగ్' అనే ఇంగ్లిషు మాటను అన్ని ఆరంభాలకూ వాడరు. కొత్త ఇల్లయితే గృహప్రవేశం. కొత్త బోరుకు కొబ్బరికాయ కొడతారు, దానికి పేరేమీ లేదు. దుకాణానికే ఓపెనింగ్. అదీ ఫ్లెక్సీ ఉండాలి, రిబ్బన్ ఉండాలి, కత్తెర పట్టే పెద్దమనిషి ఉండాలి. ఈ మూడూ ఉంటే రంగులేసిన పాత దుకాణానికైనా ఓపెనింగే. లేకపోతే "దుకాణం పెట్టిండు" అంటారు, అంతే.

నేను దుకాణం పెట్టినవాణ్ని. డిప్లొమా అయ్యాక ఒక సోమవారం షట్టర్ ఎత్తి, కాలిన బోరు మోటార్లకు కొత్త తీగె చుట్టే పని మొదలుపెట్టాను. మూడేళ్లకు మా చిన్నాయన కొడుకు, నా దగ్గరే ఆరు నెలలు నేర్చుకున్నవాడు, అదే పనికి కల్హేర్ రోడ్డులో దుకాణం తీసుకున్నాడు. ఫ్లెక్సీ మీద వాడి మొహం నా షట్టరంత ఉంది. చాయ్ హోటలాయన నన్ను ఆపి అడిగాడు: "నీ ఓపెనింగ్ ఎన్నడైందిరా? దావత్ తిన్నట్టు యాదికి లేదు."

అంతవరకు ఓర్చుకున్నాను. కానీ ఓపెనింగ్ నాడు మొదటి పనిని మంచి చెయ్యి అని పేరున్న మనిషి తేవాలి. వాడు తన పెదనాన్నను, అంటే మా బాపును పిలిచాడు. బాపు చేత్తో మొదటి పిడికెడు విత్తనం వేయించుకునేవాళ్లు మా ఊళ్లో చాలామంది. బాపు మోటారు అప్పటికే కాలిపోయి నా దుకాణంలో ఉంది. మన ఇంటిదే కదా అని, పాత తీగె కోసి తీసి, కొలతలు నోట్‌బుక్‌లో రాసుకొని మూలకు పెట్టాను. బయటివాళ్ల పని ముందు చేస్తూ వచ్చాను. ఓపెనింగ్ పొద్దున బాపు ఆటో తెచ్చి దాన్ని ఎక్కించాడు.

"పది దినాల సంది గట్లనే పడున్నది. చెరుకు ఎండుతున్నది," అన్నాడు. "వాడు నా చెయ్యి మంచిదని పిలిచిండు. నువ్వెన్నడన్న పిలిచినవా?"

పిలవలేదు.

రాలేదంటే కారణం అందరికీ తెలిసిపోతుందని నేనూ వెళ్లాను. రిబ్బన్ కత్తిరించారు. బాపు మోటారును బల్ల మీద పెట్టి బొట్టు పెట్టారు. వాడు లోపలికి చూసి నా వైపు తిరిగాడు. పాత తీగె లేకుండా, మోటారు లోపల తీగె కూర్చే ఒక్కో స్లాట్‌లో ఎన్ని చుట్లో వాడికి తెలిసే దారి లేదు.

"చుట్లెన్ని అన్నా?"

నోట్‌బుక్ చూడకుండానే నాకు తెలుసు. యాది లేదనొచ్చు. నాలుగు తక్కువ చెప్పొచ్చు. చుట్లు తగ్గితే కరెంటు ఎక్కువ లాగి నెల తిరక్కుండా మోటారు కాలుతుంది, వాడి మొదటి పనే పాడైందని చాయ్ హోటల్ దాకా పాకుతుంది. కానీ కాలేది బాపు మోటారు. బాపు నన్ను చూడటం లేదు, మోటారునే చూస్తున్నాడు.

చుట్లెన్నో చెప్పాను. తీగె లావు, ఏ స్లాట్ నుంచి ఏ స్లాట్‌కో వాడు అడగకముందే చెప్పాను. వాడు మిఠాయి డబ్బా మూత మీద రాసుకున్నాడు. మంచి చెయ్యి పడ్డది, ఇగ వీనికి తిరుగు లేదని వెనక ఎవరో అంటున్నారు.

మూడో నాడు మా చెరుకుకు నీళ్లు పారాయి. బాపు మడవ మళ్లిస్తుంటే నేను స్టార్టర్ డబ్బా తెరిచి, మీటరుతో మూడు ఫేజుల్లోనూ కరెంటు కొలిచాను. మూడూ సమానంగా ఉన్నాయి, వాడు చుట్టినదాంట్లో వంక లేదు. మళ్లీ కొలిచాను.