పచ్చ బాటిల్ వాంగ్మూలం

కరోనా రెండవ విడత తగ్గుముఖం పట్టిన వర్షాకాలంలో, జిల్లాల విభజనకు కొన్ని నెలల ముందు, నన్ను ఒక విచారణ సంఘంలో సాంకేతిక సభ్యునిగా నియమించారు. అప్పటికి నేను బ్లడ్ బ్యాంకు వైద్యాధికారిని. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో రక్తం ఎక్కించుకున్న కొందరికి హెపటైటిస్ సి సోకిందన్న ఫిర్యాదులు వచ్చాయి. వాటిని పరిశీలించి, పరిహారానికి, ఉచిత చికిత్సకు ఎవరు అర్హులో సిఫారసు చేయడం మా పని. అధ్యక్షులు విశ్రాంత న్యాయాధికారి. కార్యదర్శి రెవెన్యూ శాఖకు చెందిన డిప్యూటీ తహసీల్దారు. కోస్తా ప్రాంతం నుంచి కొత్తగా బదిలీపై వచ్చినవారు.

మా పద్ధతి ఇది. కార్యదర్శి ముందుగా క్యాంపు పెట్టి వాంగ్మూలాలు నమోదు చేస్తారు. చదివి వినిపించి సంతకం తీసుకుంటారు. తరువాత సంఘం కూర్చుని ఒక్కొక్కరిని విచారిస్తుంది. అర్హతకు ప్రధానంగా చూడవలసింది రోగికి రక్తం గాని, రక్త ఉత్పత్తి గాని ఎక్కించారా అన్నది. ఈ రెండవ మాటను కొంత వివరించాలి. దాత ఇచ్చిన రక్తాన్ని యంత్రంలో వేసి తిప్పితే ఎర్రకణాలు అడుగుకు చేరతాయి. పైన లేత పసుపు రంగులో ప్లాస్మా తేలుతుంది. దానిని వేరు చేసి, అతిశీతలంలో ఐసులా గడ్డకట్టించి నిల్వ చేస్తారు. దాత రక్తంలో వైరస్ ఉంటే ఈ ప్లాస్మాలోనూ ఉంటుంది.

కుప్పం క్యాంపు నాడు జనం ఎక్కువ. పరిహారమన్న మాట విని, ఏనుగులు తొక్కిన రాగిచేలకని రామకుప్పం రైతులు కూడా వచ్చి వరుసలో నిలబడ్డారట. సంగతి తెలిశాక ఒక పెద్దాయన, “నెత్తురుకేనా సార్, రాగులకు ల్యాదా?” అని అడిగి అందరినీ నవ్వించి వెళ్ళాడని కార్యదర్శి నాకు చెప్పారు. ఆ ఒత్తిడిలోనే ఆయన ఎస్తేరమ్మ వాంగ్మూలం నమోదు చేశారు.

ఎస్తేరమ్మ పుట్టిల్లు మదనపల్లె, మెట్టినిల్లు పుంగనూరు. కొడుకు దానియేలు కుప్పంలో ఒక కళాశాలలో అటెండరు. అతనికి పుట్టుకతో హిమోఫీలియా బి, అంటే దెబ్బ తగిలితే రక్తం త్వరగా గడ్డకట్టని జబ్బు. నలభై ఏళ్ళ వయసులో కాలేయం దెబ్బతిన్నది. పరీక్షలో హెపటైటిస్ సి బయటపడింది. క్యాంపు నాడు అతను మోకాలు వాచి మంచం మీద ఉండడంతో తల్లి ఒక్కతే వచ్చింది. చిన్నతనంలో అతనికి వైద్యం చేసిన పుంగనూరు నర్సింగ్ హోమ్ ఏనాడో మూతపడింది; కాగితాలేవీ మిగలలేదు. తల్లి మాట తప్ప ఆధారం లేదు.

ఆ మాట వాంగ్మూలంలో ఇలా ఉన్నది: “నా కుమారునికి రక్తం ఎక్కించలేదు. పచ్చ మందు ఇచ్చినారు.” దాని కింద, నాటువైద్యుల పసరు మందుగా భావించవచ్చునని కార్యదర్శి గమనిక. పచ్చకామెర్లకు పసరు పోయించుకోవడం ఈ ప్రాంతంలో సాధారణం కనుక ఆ గమనికను ఎవరూ శంకించలేదు.

మదనపల్లెలో జరిగిన విచారణకు తల్లీకొడుకులిద్దరూ వచ్చారు. అధ్యక్షులు వాంగ్మూలం చూసి, పసరు తాగించి ఆసుపత్రి మీద నెపం వేస్తే ఎట్లాగమ్మా అని కొంత పరుషంగానే అడిగారు.

ఎస్తేరమ్మ తొణకలేదు. “పసరు తాగించేదానికి మాకేం పట్టింది సార్? మిషన్ ఆసుపత్రి గోడ పక్కన పుట్టిండేదాన్ని. అట్లా మందు ఇంట్లోకి తెస్తే మా నాయన నన్నే బయటికి తోసేసుండేవాడు.”

మరి పచ్చ మందు ఏమిటని నేను అడిగాను.

“పచ్చ బాటిల్ సార్. మోకాలు వాసినప్పుడంతా ఎక్కిచ్చినారు. నెత్తురా అని క్యాంపులో ఆ సారు అడిగె, కాదంటి. నెత్తురు ఎర్రగా గదా ఉండేది? ఇది జున్నుపాల మాదిరి ఉండె. ముందు ఐసుగడ్డ మాదిరి ఉంటాది. గోరువెచ్చ నీళ్ళలో పెట్టి కరిగిచ్చి ఎక్కిచ్చేవాళ్ళు.”

గడ్డకట్టిన ప్లాస్మాను వర్ణించడానికి ఇంతకంటే చెప్పవలసింది లేదు. మన భాషలో పచ్చ అంటే ఆకు రంగూ అవుతుంది, పసుపు రంగూ అవుతుంది. ఆమె ఒక పచ్చను చెప్పింది; కార్యదర్శి మరొక పచ్చను విన్నారు. చదివి వినిపించినప్పుడు ఆమె తన మాటే విన్నది కనుక సంతకం చేసింది. దానియేలు చిన్నతనంలో ఈ ప్రాంతంలో హిమోఫీలియాకు దొరికిన చికిత్స ప్లాస్మాయే. దాతలను హెపటైటిస్ సి కోసం పరీక్షించడం ఇంకా అంతటా మొదలు కాలేదు. ఈ సంగతులను నేను లిఖితపూర్వకంగా సమర్పించాను. అధ్యక్షులు న్యాయమైన మనిషి. సవరణ వాంగ్మూలం తానే చెప్పి రాయించారు.

లేచేముందు ఎస్తేరమ్మ మరొక మాట అన్నది. “దుడ్డు ఇచ్చినా సరే, ఇయ్యకున్నా సరే సార్. లివర్ పోయిందంటే తాగి పోగొట్టుకున్నాడంటాండారు. సంఘంలో వీన్ని బల్లకు రానీకుండా పెట్టిండారు. నెత్తురుతో వచ్చిందని మీరు రాస్తే సాలు.”

సంఘమని ఆమె అన్నది వారి చర్చిని. బల్ల అంటే అక్కడ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్ల. తాగుబోతని అనుమానం వస్తే చర్చి పెద్దలు అందులో భాగం ఇవ్వరు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ దానియేలు తల వంచుకుని ఉన్నాడు. జీవితంలో చుక్క ముట్టలేదని నెమ్మదిగా ఒక్కసారి చెప్పాడు. మద్యం వల్ల కాలేయం చెడినట్లు వైద్య పరీక్షలలో సూచన ఏదీ లేదు.

మా నివేదికలో అధ్యక్షులు స్పష్టంగా రాశారు: వ్యాధికి కారణం బాల్యంలో ఎక్కించిన ప్లాస్మా అని, మద్యపానంతో సంబంధం లేదని. ముగ్గురమూ సంతకాలు చేసి పైకి పంపాము.

ఉత్తర్వు రావడానికి ఏడాది దాటింది. దానిని మదనపల్లె కార్యాలయంలో అందజేసినప్పుడు నేనూ ఉన్నాను. దానియేలు బిగ్గరగా చదివాడు. అతని పేరు జాబితాలో ఉన్నది. పరిహారం, మాత్రలు మంజూరయ్యాయి. అయితే అందరి ఉత్తర్వులలోనూ ఒకే వాక్యం: ఎవరి బాధ్యతనూ నిర్ధారించకుండా, మానవతా దృక్పథంతో ఈ సహాయం అందించడమైనది. కారణం గురించి ఒక్క అక్షరం లేదు. బాధ్యత ఒప్పుకుంటే దావాలు వస్తాయని పైస్థాయిలో అలా నిర్ణయించారని తరువాత తెలిసింది.

మానవతా దృక్పథమంటే ఏమిటని ఎస్తేరమ్మ నన్ను అడిగింది. తోటిమనిషి కష్టం చూసి చేసే సహాయమని చెప్పాను.

“అంటే జాలిపడి ఇచ్చిండారు,” అన్నది. ఆ కాగితం వైపు చూపిస్తూ, “తాగుబోతు మీద గూడా జాలి పడతారు గదా సార్,” అన్నది.

నివేదిక నకలు ఆమెకు ఇప్పించమని పైఅధికారులకు రాశాను. అది అంతర్గత పత్రమని సమాధానం వచ్చింది. నా మాటగా చర్చి పెద్దలకు చెప్పాను. వారు మర్యాదగా విన్నారు. ప్రభుత్వమే రాయని సంగతిని తాము ఎట్లా నమ్మేదని అడిగారు. మాత్రలతో దానియేలు ఒంట్లో వైరస్ పోయింది. గట్టిపడిన కాలేయం మెత్తబడలేదు. నేను పదవీ విరమణ చేసేనాటికి అతను ఆరాధనలో వెనుక బెంచీ మీదే కూర్చుంటున్నాడని, రొట్టె పళ్ళెం అతని దాకా రావడం లేదని విన్నాను.

విచారణ చేసేవారికి ఈ ఉదంతం నేర్పేది ఇదే. కారణాన్ని నివేదికలో రాస్తే చాలదు. బాధితుని చేతికి వెళ్ళే ఉత్తర్వులో అది ఒక వాక్యంగా నిలిచేదాకా పట్టుబట్టాలి. సర్కారు కారణం రాయని చోట, ఊరు తనకు తోచిన కారణం రాసుకుంటుంది.